పంపకంలో పదకొండో అంశం

ఎవరి పక్షమూ కాని మనిషిని నా డెబ్భై మూడేళ్ళ బతుకులో ఒక్కణ్ణే చూశాను. చూసింది చాలు. ఇంకొకణ్ణి చూడాలన్న ముచ్చట నాకు లేదు.

ముందు ఆయన బల్ల సంగతి చెప్పాలి. లేకపోతే ఆయన సంగతి అర్థం కాదు. కోర్టుకెక్కకుండా తగువులు తీర్చడానికి సర్కారు వాళ్ళు ఆయనకి పదిహేను రోజులు శిక్షణ ఇచ్చారట. తగువు తీర్చే చోట గుండ్రటి బల్ల ఉండాలి, అప్పుడు ఒకరు పైనా ఒకరు కిందా కూర్చున్నట్టు ఉండదు అని అందులో చెప్పారట. ఆయనకిచ్చిన గదిలో ఉన్నదేమో నలుచదరపు బల్ల. కొత్తది కావాలని అర్జీ పెడితే ఇవ్వలేదు. ఊరుకున్నాడా? వడ్రంగిని పిలిపించి నాలుగు మూలలూ కోయించాడు. నాలుగు మూలలు కోస్తే ఏమవుతుంది? ఎనిమిది మూలలవుతాయి. మూడో తరగతితో బడి మానేసిన దాన్ని, ఆ మాత్రం లెక్క నాకే వచ్చు. పైగా ఆ కోతలో కాళ్ళు వదులై, ఎవరు మోచెయ్యి ఆనిస్తే వాళ్ళ వైపు ఒరిగిపోయేది. ఆ గదిలో పక్షపాతమంటూ ఉన్నది ఆ బల్ల ఒక్కదానికే.

మాటకి ముందు ఒక "సమానం", మాట చివర ఒక "సమానం" ఆయనకి. ఇద్దరికీ సమానంగా టైము, ఇద్దరికీ సమానంగా గౌరవం. రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు పోసి, మోకాళ్ళు వంచి, కళ్ళు గ్లాసుల ఎత్తుకి తెచ్చుకుని చూసేవాడు, ఒకదాంట్లో ఎక్కువైందేమోనని. దాహం ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఉంటుందన్న ఆలోచన ఆ పదిహేను రోజుల్లో ఎవరూ చెప్పినట్టు లేదు. ఆయన్ని మేం సమానం గారని పిలుచుకునేవాళ్ళం. ఎదురుగా కాదులెండి.

ఆయన దగ్గరికి మేమెందుకు వెళ్ళాల్సి వచ్చిందంటే, ఒక కోటు చెయ్యి వల్ల.

మా చెల్లెలి కూతుళ్ళు ఇద్దరు, తండ్రి లేని పిల్లలు. పెద్దదానికి పదకొండేళ్ళు, చిన్నదానికి ఏడేళ్ళు ఉన్నప్పుడు మా చెల్లెలు పోయింది. అప్పటికి నాకు మొగుడూ లేడు, పిల్లలూ లేరు. రెండు సంచుల్లో నా బట్టలు సర్దుకుని వచ్చి వాళ్ళింట్లో ఉండిపోయాను. పిల్లల్ని పెంచానని ఊళ్ళో అందరూ నన్ను మెచ్చుకున్నారు గానీ, నిజానికి ఎవరు ఎవరికి దిక్కయ్యారో నాకు తెలుసు. మా చెల్లెలు దర్జీ పని చేసేది. ఆవిడ గదీ, ఆవిడ మిషనూ, ఆవిడ కత్తెరా పిల్లలకి మిగిలాయి. ఇప్పుడు పెద్దదానికి యాభై దగ్గర పడుతోంది. దుకాణం అదే గదిలో. వీధి వైపు రెండు కిటికీలు, మధ్యలో పొడుగాటి కత్తిరింపు బల్ల, గోడ పక్కన రెండు మిషన్లు, మూలన నిలువుటద్దం, బట్టలు మార్చుకోవడానికి ఒక తెర. కుడి కిటికీ కింద నా స్టూలు. కాజాలు కుట్టడం, గుండీలు వెయ్యడం, అంచులు మడిచి చేతి కుట్టు వెయ్యడం నా పని. ఇద్దరికీ చేతులు ఖాళీ లేకపోతే వచ్చినవాళ్ళ కొలతలు కూడా నేనే తీసేదాన్ని. పొద్దున లేవగానే మెడలో టేపు వేసుకుంటే, మళ్ళీ పడుకునే ముందే తీసేది.

పెద్దది కత్తిరిస్తుంది, చిన్నది కుడుతుంది. పెద్దదాని నోట్లో ఎప్పుడూ గుండుసూదులు ఉంటాయి కాబట్టి మాట తక్కువ. చిన్నది మిషను చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ, మిషను ఆగినా అరుస్తూనే ఉంటుంది. ఒకరు సుద్దతో గీత గీస్తే ఇంకొకరు ఆ గీత మీద సూది నడిపిస్తారు. ముప్ఫై ఏళ్ళ నుంచీ అదే. "ఇక్కడ మడవాలి" అని ఒకరికొకరు చెప్పుకోగా నేను వినలేదు. గీత చూస్తే తెలిసిపోయేది.

బస్సు కండక్టరు ఒకాయన ఉండేవాడు, ముప్ఫై ఒక్క ఏళ్ళు పని చేసి రిటైరయ్యాడు. కూతురి పెళ్ళికి కోటు కుట్టించుకున్నాడు. బతుకంతా కంపెనీ ఇచ్చిన ఖాకీ చొక్కాలే తొడుక్కున్నవాడు, ఇదే మొదటి కోటు. ట్రయల్‌కి వచ్చి, తొడుక్కుని, అద్దం ముందు నిలబడి మురిసిపోయాడు. కాసేపటికి మొహం చిన్నబోయింది.

"ఎడం చెయ్యి పొట్టిగా ఉన్నట్టుందమ్మా" అన్నాడు మెల్లిగా, తప్పు తనదే అన్నట్టు.

చూస్తే నిజమే. అంగుళం పొట్టి.

పెద్దది నోట్లోంచి గుండుసూదులు తీసింది. "నేను రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి కత్తిరించాను. పొట్టయ్యే ఛాన్సే లేదు."

"అయితే నేను కుట్టేటప్పుడు కొరుక్కు తిన్నానంటావా?" అంది చిన్నది.

"తిన్నావని నేనన్నానా? మడతలో ఎక్కువ లాగుంటావు."

"నీ గీత ఎక్కడుంటే అక్కడే మడిచాను. గీతే వంకరైతే నేనేం చెయ్యను? కళ్ళజోడు మార్చుకోమని ఏడాది నుంచీ మొత్తుకుంటున్నా."

"నా కళ్ళ గురించి నీకెందుకు? నీ చెయ్యి చూసుకో ముందు."

కండక్టరు పాపం కోటు విప్పి, కుర్చీ మీద పెట్టి, "పెళ్ళికి ఇంకా రెండు నెలలుంది, తొందరేం లేదమ్మా" అని చెప్పులు చేత్తో పట్టుకున్నంత పని చేసి వెళ్ళిపోయాడు.

ఆ కోటు కొక్కేనికి ఎక్కింది. నెల రోజులు అక్కడే వేలాడింది. విడ్డూరం ఏమిటంటే, ఆ గది నిండా టేపులు. నా మెడలో ఒకటి, పెద్దదాని మెడలో ఒకటి, చిన్నదాని మిషను మీద ఒకటి. ఒక్కరూ తీసి ఆ కోటు మీద పెట్టలేదు. ముట్టుకుంటే తప్పు ఒప్పుకున్నట్టేనని ఇద్దరికీ పట్టుదల. నేనెందుకు పెట్టలేదంటారా? ఎవరి తప్పో తేలితే దాని మొహం ఎలా చూడాలా అని భయం.

పదిహేను రోజులు ఒకే గదిలో మాటా పలుకూ లేకుండా పని చేశారు. తరవాత చిన్నది చెప్పింది, పక్క వీధిలో గది చూసుకున్నానని, తన మిషను తీసుకుని వేరే పెట్టుకుంటానని. పెద్దది "మంచిది" అంది. వెంటనే చిన్నది, "పెద్దమ్మ నాతో వస్తుంది" అంది. పెద్దది తలెత్తకుండానే, "పెద్దమ్మ ఎక్కడికీ రాదు" అంది.

నన్నెవరూ అడగలేదు. అడగనందుకు సంతోషించాను కూడా. అడిగితే నేనేం చెప్పను? ఇద్దరికీ జడలు వేసిన దాన్ని. ఒకదాని గడప తొక్కితే రెండోదాని గడప నాకు మూసుకుపోతుంది. వాళ్ళు విడిపోతే విడిపోయేది వాళ్ళిద్దరే కాదు. నాకున్న ఇల్లు అదొక్కటే, ఆ ఇల్లంటే వాళ్ళిద్దరూ ఒకేచోట ఉండడమే.

సరిగ్గా అప్పుడే సమానం గారి భార్య మా దుకాణానికి చొక్కాలు ఇవ్వడానికి వచ్చింది. గదిలో చెవులు పగిలేలా ఉన్న మౌనం చూసి విషయం లాగింది. "మా ఆయన తగువులు తీరుస్తున్నారిప్పుడు. కోర్టులూ గీర్టులూ అక్కర్లేదు. ఇద్దరికీ మధ్యన కూర్చుంటారంతే" అంది.

"ఇంట్లో తగువులు కూడా ఆయనే తీరుస్తారామ్మా?" అనడిగాను.

"ఇంట్లో ఆయన నోరెత్తరండీ" అంది ఆవిడ. ఆ మాట మీద ఆగి ఉండాల్సింది మేం. ఆగలేదు.

మొదటి రోజు ముగ్గురం వెళ్ళాం. ఆ ఎనిమిది మూలల బల్లకి చెరో వైపు వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టాడు. మధ్యలో కాగితపు రుమాళ్ళ డబ్బా. ఏడవండి అని చెప్పకుండా చెప్పినట్టు.

"మీరు ఎవరి తరఫు అమ్మగారూ?" అని నన్ను అడిగాడు.

"ఇద్దరి తరఫూ."

"అలా కుదరదండి. ఇద్దరి తరఫూ ఉండేది నేను."

"మీరు ఎవరి తరఫూ కాదని ఇందాకేగా చెప్పారు?"

"అదేనండి, సమానంగా." గోడ పక్కన ఒక కుర్చీ చూపించాడు. "మీరు పక్షం కాదు కాబట్టి అక్కడ కూర్చోవచ్చు. మాట్లాడకూడదు."

డెబ్భై మూడేళ్ళలో నన్ను మాట్లాడొద్దన్న మగవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఇంత వినయంగా అన్నవాడు ఈయనొక్కడే.

తరవాత నియమాలు చదివాడు. ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడకూడదు. చెప్పేదేదో ఆయనకి చెప్పాలి. వేలు చూపించకూడదు. బంధుత్వపు పిలుపులు ఉండకూడదు, వాటిలో పెద్దా చిన్నా తేడా వస్తుంది కాబట్టి. అక్క అనకూడదు, చెల్లి అనకూడదు. "ఎదుటి పక్షం" అనాలి.

చిన్నది నోరు తెరిచింది. "మా అక్క ఆ రోజు..."

"ఎదుటి పక్షం" అన్నాడాయన.

"అదే. ఎదుటి పక్షం నా గురించి..." అని ఆగిపోయింది. ఆ మాట నోట్లో పెట్టుకుని, రాయి తగిలినట్టు మొహం పెట్టింది. పెద్దది గోడకేసి చూస్తోంది. చిన్నప్పుడు వానకి భయపడి ఆ ఎదుటి పక్షం పక్కలో దూరి పడుకున్న పిల్లే ఇది. ఒక్క పూటలో ఆయన వాళ్ళ మధ్య నుంచి అక్కనీ చెల్లెల్నీ తీసేశాడు. నెల రోజుల పోట్లాట కూడా ఆ పని చెయ్యలేకపోయింది.

కోటు సంగతి చెప్పారు. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, "అంగుళం కదండీ? చెరో అర అంగుళం తప్పు తీసుకుంటే?" అన్నాడు.

ఇద్దరూ ఒకేసారి ఆయనకేసి చూశారు. దర్జీ పని తెలిసినవాడెవడూ ఆ మాట అనడు. అర అంగుళం తప్పు కత్తిరింపూ, అర అంగుళం తప్పు కుట్టూ అంటే ఇద్దరికీ పని రాదనే గదా అర్థం!

"ఆ కోటు చూస్తారా?" అన్నాను నేను గోడ దగ్గర్నుంచి.

"అమ్మగారూ, మీరు మాట్లాడకూడదు. అయినా కోటు ముఖ్యం కాదండి. కోటు వెనకాల ఉన్న మనసులు ముఖ్యం."

కోటు వెనకాల కొక్కెం ఉంది. చెప్పలేదు, మాట్లాడకూడదు గదా.

రెండో రోజు మనసులు విప్పించాడు. "లోపల ఏదీ దాచుకోవద్దు. అంతా బయటికి వచ్చేస్తే తేలికవుతుంది" అన్నాడు. చేటలో పోసి చెరిగినట్టు ముప్ఫై ఏళ్ళవీ తీయించాడు. చిన్నది కాన్పుకి ఆసుపత్రిలో ఉంటే, బడి పిల్లల యూనిఫారాల పని ఉందని పెద్దది నాలుగు రోజులు రాలేదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. తెలిసీ ఎన్నడూ నోట అనుకోలేదు. చిన్నది ఆయనతో, "పక్క మంచం ఆవిడ అడిగింది, నీకు తోబుట్టువులెవరూ లేరా అని. లేరని చెప్పాను" అంది. పెద్దది ఆయనతో, "అమ్మ పోయాక బడి మానేసింది నేను. ఎదుటి పక్షం పదో తరగతి దాకా చదువుకుంది. ఎవరి చేతి కూడు తిని చదువుకుందో అడగండి" అంది. ఇద్దరూ మూడేళ్ళ నుంచీ ఆయన్ని ఎరిగినట్టు ఆయనకే చెప్పారు. పక్కన ఉన్నది సొంత మనిషి అన్న సంగతే మరిచిపోయారు.

"అప్పుడు మీకు ఎలా అనిపించింది?" అని అడిగేవాడు ప్రతి మాటకీ. అడిగి గడియారం చూసుకునేవాడు, ఇద్దరికీ సమానంగా ఏడవడానికి టైము ఇవ్వాలి కాబట్టి. ఒకరికి ఏడు నిమిషాలైతే రెండోవాళ్ళకీ ఏడు. చిన్నది రెండు నిమిషాలు మిగిలాయంటే ఏం చెప్పాలో తోచక, అక్క కూరలో ఉప్పు ఎక్కువ వేస్తుందని చెప్పింది. అది కూడా రాసుకున్నాడు మహానుభావుడు.

వాళ్ళ మనసులు తేలికయ్యాయో లేదో తెలీదు గానీ, వచ్చేటప్పుడు ముగ్గురం మూడు బారల దూరంలో నడిచాం.

ఆ మర్నాడు ఇద్దరూ బట్ట కొనడానికి చెరో బజారుకి వెళ్ళారు. నేనొక్కదాన్నే ఉన్నాను. కండక్టరు వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలో నిలబడి, కొక్కేనికి వేలాడుతున్న కోటు వంక, చంటిపిల్లని ఊయల్లో చూసినట్టు చూశాడు.

"అమ్మా, ఆ పొట్టి చేతితోనే తీసుకుపోతాను లెండి. ఫోటోలో చెయ్యి వెనక్కి పెట్టుకుంటా. నా వల్ల మీ ఇంట్లో గొడవ ఎందుకు" అన్నాడు.

వెలుగు ఆయన వెనక నుంచి పడుతోంది. మనిషి నల్లగా, గీత గీసినట్టు కనిపించాడు. అప్పుడు చూశాను. ఎడమ భుజం పైకి లేచి ఉంది. కొంచెం కాదు, బాగా. ముప్ఫై ఒక్క ఏళ్ళు టికెట్ల సంచి జారిపోకుండా ఆ భుజాన్ని ఎగేసి ఉంచాడు. సంచి పోయింది, భుజం అక్కడే ఉండిపోయింది.

ఆయన వెళ్ళాక కోటు దించాను. టేపు పెట్టాను. కుడి చెయ్యి ఇరవై నాలుగున్నర అంగుళాలు. ఎడమ చెయ్యి ఇరవై నాలుగున్నర. దారం పోగంత తేడా లేదు. పెద్దది సరిగ్గానే కత్తిరించింది, చిన్నది సరిగ్గానే కుట్టింది.

ఆయన కొలతలు తీసింది నేను.

కొలిచిన రోజు గుర్తొచ్చింది. మోకాళ్ళు నొప్పులన్నాడు. నావీ అంతే అని చెప్పి, "నిలబడొద్దు నాయనా, కూర్చో" అన్నాను. కూర్చోబెట్టి, ముందు నుంచి, కుడి చెయ్యి ఒక్కటే కొలిచాను. మా చెల్లెలు బతికుండగా కోటు అంటే మనిషిని నిలబెట్టి, వెనక్కి తిప్పి, భుజాలు చూసి గానీ టేపు తీసేది కాదు. నాకు తెలుసు ఆ పద్ధతి. కబుర్లలో పడ్డాను. కూతురికి ఎలాంటి సంబంధం, అబ్బాయి ఏం చేస్తాడు అని అడుగుతూ కొలిచాను.

ఇక్కడ సమానం గారిని అన్నన్ని మాటలూ నన్ను నేనూ అనుకోవాలి. వెంటనే చెప్పానా? చెప్పలేదు. కోటు మళ్ళీ కొక్కేనికి తగిలించాను. చూపు తగ్గిందని ఇప్పటికే కాజాలు పెద్దది ఒకసారి, చిన్నది ఒకసారి చాటుగా సరిచేస్తున్నారు. నాకు తెలియదనుకుంటారు. కొలతలు కూడా తప్పుతున్నానంటే ఆ స్టూలు మీద నాకేం పని? ఇంట్లో మూల కూర్చోమంటారు. విడిపోతే ఒకదాన్ని పోగొట్టుకుంటాను, చెబితే నా పని పోగొట్టుకుంటాను. రెండు రోజులు కోటు వైపు చూడకుండా కాజాలు కుట్టాను.

మూడో రోజు సమావేశానికి సమానం గారు టైపు చేయించిన కాగితం తెచ్చాడు. మూడు ప్రతులు. మొహం వెలిగిపోతోంది. చదవడం మొదలుపెట్టాడు.

"ఒకటి, కత్తిరింపు బల్ల మొదటి పక్షానికి. రెండు, పెద్ద మిషను రెండో పక్షానికి." అలా వెళ్తున్నాడు. దారపు కండెలు కూడా రంగు రంగుకీ లెక్క పెట్టించాడు. "తొమ్మిది, నిలువుటద్దం. ఇది ఒక్కటే ఉంది కాబట్టి ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ." నయమే, వడ్రంగిని పిలవలేదు. "పది, ఇస్త్రీ బల్ల మొదటి పక్షానికి, ఇస్త్రీ పెట్టె రెండో పక్షానికి."

"బల్ల ఒకరికీ పెట్టె ఒకరికీనా?" అంది పెద్దది.

"సమానంగా ఉండాలి కదండీ. పదకొండు, పెద్దమ్మ."

గోడ దగ్గర నేను సర్దుకుని కూర్చున్నాను.

"సోమ, మంగళ, బుధవారాలు మొదటి పక్షం దగ్గర. గురు, శుక్ర, శనివారాలు రెండో పక్షం దగ్గర. ఆదివారం ఆమె ఇష్టం." తలెత్తి నన్ను చూసి నవ్వాడు. ఆదివారం నాకు వదిలినందుకు మెచ్చుకుంటానని కాబోలు.

ఇస్త్రీ పెట్టె తరవాత నేను. పెట్టెనైనా పనిచేస్తుందా లేదా అని ఒకసారి వేడి చేసి చూస్తారు. నన్ను అదీ అడగలేదు. చిన్నది కలం అందుకుంది. ఒక్కసారి సంతకం పడితే బుధవారం రాత్రి నా సంచి సర్దుకోవడం, గురువారం పొద్దున దాన్ని మోసుకుంటూ వీధి దాటడం, ఒక ఇంట్లో విన్నమాట రెండో ఇంట్లో అనకుండా నోరు కుట్టుకోవడం. అంతా నా కళ్ళకి కట్టింది. స్టూలు పోతే పోయింది అనుకున్నాను.

"ఆ కలం కింద పెట్టవే" అన్నాను.

"అమ్మగారూ, మీరు పక్షం కాదు..."

"నేనే పక్షం నాయనా. తప్పు చేసింది నేను. కండక్టరు కొలతలు తీసింది నేను. ఆయన ఎడమ భుజం ఎత్తు. నేను చూడలేదు. కోటు రెండు చేతులూ ఇరవై నాలుగున్నరే. మొన్న కొలిచాను."

పెద్దది కుర్చీలోంచి లేచింది. ఆయన వంక చూడలేదు. సూటిగా చెల్లెలి వంక చూసి, "ఏమే, అప్పుడు ఆయన కొలతలు పెద్దమ్మ తీసిందా?" అంది.

"నువ్వు లైనింగు బట్ట కొనడానికి వెళ్ళావు. నేను మిషను మీదున్నా. అవును అక్కా, పెద్దమ్మే" అంది చిన్నది.

"దయచేసి నా ద్వారా మాట్లాడండి. ఎదుటి పక్షం అని..."

"మీరు ఉండండి!" అన్నారు ఇద్దరూ.

ఆ ఇద్దరూ లేచి వీధిలోకి నడిచారు. వెనకాల నేను. నా వెనకాల మూడు ప్రతులూ పట్టుకుని సమానం గారు. దుకాణం చేరేసరికి పెద్దది కోటు దించి బల్ల మీద పరిచింది. చిన్నది టేపు పెట్టింది. ఒక చెయ్యి, రెండో చెయ్యి. మళ్ళీ ఒకసారి. నన్ను నమ్మలేదు, టేపుని నమ్మారు. అదే దర్జీ లక్షణం.

"తొడుక్కో" అంది పెద్దది.

చిన్నది తొడుక్కుంది. ఆ కోటులో పిల్ల మునిగిపోయింది. "ఎడమ భుజం ఎత్తు" అంది పెద్దది. ఎత్తింది. "అంత కాదు. ఆయన ఇలా కొంచెం ముందుకి కూడా పెడతాడు." తన చేత్తోనే చెల్లెలి భుజం పట్టుకుని పైకి నెట్టింది. చెయ్యి అంగుళం పైకి పోయింది.

"చూశావా, గీత వంకర కాదు" అంది పెద్దది.

"కుట్టూ వంకర కాదు" అంది చిన్నది. "చేతి మడతలో ఒకటిన్నర అంగుళం వదిలాను. విప్పితే సరిపోతుంది. భుజం కింద కొంచెం దూది పట్టీ వేస్తే..."

"కుడి వైపు వెయ్యి, పల్లంగా ఉన్నది అదే. ఎడమ వైపు కాదు."

"తెలుసులే, నేర్పకు."

ఆ తరవాత ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు.

"కోటుకి కూర్చోబెట్టి కొలుస్తారా ఎవరైనా?"

"వెనక నుంచి చూడలేదా పెద్దమ్మా? అమ్మ నీకు చెప్పలేదా?"

"ఎలా చూస్తుంది? కబుర్లు. పెళ్ళికొడుకు ఏం చేస్తాడు, జీతమెంత, అత్త ఎలాంటిది..."

"మొన్న తెలిస్తే ఇవాళ చెబుతావా? సంతకం పెట్టేదాన్ని! ఇంకొంచెం ఉంటే పెట్టేదాన్ని!"

ఇద్దరూ ఏకంగా పావుగంట దులిపేశారు. ఒకరు ఆగితే ఇంకొకరు అందుకున్నారు. ఎవరికి ఎన్ని నిమిషాలో ఎవరూ చూడలేదు. నేను తల వంచుకుని పడ్డాను. నా బతుకులో అంత హాయిగా తిట్లు తిన్న రోజు ఇంకొకటి లేదు.

సమానం గారు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "అంటే ఇప్పుడు తగువు, పెద్దమ్మగారికీ మీ ఇద్దరికీ మధ్య అనుకోవచ్చా? అయితే కొత్త ఫారం పూర్తి చెయ్యాలి. ఆవిడ ఒక్కరు, మీరు ఇద్దరు కాబట్టి, సమానం చెయ్యడానికి ఆవిడ తరఫున ఇంకొకర్ని..."

"మీ కోటు గుండీ ఊడేట్టుంది, చూసుకోండి" అంది పెద్దది, ఆయన మొహం మీద తలుపు వెయ్యకుండా తలుపు వేసినట్టు. వెళ్ళిపోయాడు.

అంతా సుఖాంతమైందని చెబితే నేను కూడా ఆయనలా అబద్ధపు కాగితం రాసినట్టే అవుతుంది. చిన్నది పక్క వీధి గది వదులుకుంది. నిజమే. కానీ ఆసుపత్రి మాట ఒకసారి బయట పడ్డాక మళ్ళీ లోపలికి పోలేదు. ఇప్పటికీ ఎవరైనా కాన్పు అంటే పెద్దది కత్తెర ఆపి కిటికీలోంచి వీధిలోకి చూస్తుంది. మనసులు విప్పించిన మనిషి వాటిని మళ్ళీ కుట్టడం నేర్చుకోలేదు. ఆ పదిహేను రోజుల్లో అది లేదేమో. ఆయన రిజిస్టరులో మాది "పరిష్కారమైంది" అని ఎక్కిందట. ఆయన భార్యే వచ్చి చెప్పింది, ఆ నెలలో ఆయనకి తీరిన తగువు అదొక్కటేనట. ఆవిడ తెచ్చిన చొక్కాలకి కాజాలు కుడుతూ నేను ఊ కొట్టాను. ఇంట్లో నోరెత్తనివాడికి ఆ ఒక్క గీతైనా ఉండనీ అనుకున్నాను.

నా శిక్ష మాత్రం అమలైంది. ఆ సాయంత్రమే పెద్దది వచ్చి నా మెడలోంచి టేపు తీసేసింది. చిన్నది దాన్ని చుట్టి తన మిషను సొరుగులో పెట్టేసింది. ఒకరు తీశారు, ఒకరు దాచారు. నన్ను ఎవరూ అడగలేదు ఈసారి కూడా. స్టూలు మాత్రం కిటికీ కిందే ఉంది.

కండక్టరు కోటు కోసం వచ్చిన రోజు ఇద్దరూ ఆయన్ని నిలబెట్టి, వెనక్కి తిప్పి, భుజాలు చూశారు. "నిటారుగా నిలబడండి బాబాయ్, అరే, మరీ అంత నిటారుగా కాదు, మీరు నిలబడేట్టే నిలబడండి" అని చిన్నది అరుస్తోంది. పెద్దది నోట్లో సూదులతో తల ఊపుతోంది. ఆయన అద్దంలో రెండు చేతులూ చూసుకున్నాడు, ఒకటీ, రెండోదీ. తరవాత నా వైపు తిరిగి, "మీ మోకాళ్ళెలా ఉన్నాయమ్మా?" అని అడిగాడు.

"బాగానే ఉన్నాయి నాయనా. అల్లుడిది ఏ ఊరన్నావూ?" అన్నాను.

"పెద్దమ్మా!" అన్నారు ఇద్దరూ.